ప్రాథమిక పాఠశాలల్లో సమ్మిళిత రూపకల్పన, డిజిటల్ సుగమ్యత: బోధన చరిత్ర

భవనాలు, వస్తువులు, పుస్తకాలు, వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌ల వంటి వాటిని తయారుచేసే దశలోనే చూపు, వినికిడి, కదలిక, గ్రహణశక్తి విషయాల్లో మనుషుల మధ్య ఉండే తేడాలను లెక్కలోకి తీసుకొని, వీలైనంత ఎక్కువమంది వాడుకోగలిగేలా వాటిని తీర్చిదిద్దే పద్ధతిని సమ్మిళిత రూపకల్పన అంటారు. ఇదే సూత్రాన్ని కంప్యూటరు తెరకు, అంతర్జాలానికి వర్తింపజేస్తే అది డిజిటల్ సుగమ్యత అవుతుంది. వాస్తుశిల్పులకు, సాఫ్ట్‌వేర్ నిపుణులకు పరిమితమై ఉండిన ఈ విషయాలు ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లల పాఠాల్లోకి రావడం ఇటీవలి పరిణామం. ప్రత్యేక విద్య, వాస్తుశిల్పం, కంప్యూటరు విద్య అనే మూడు రంగాలు చాలాకాలం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడవడం వల్ల ఈ బోధన చరిత్ర కూడా ముక్కలుగానే కనిపిస్తుంది.

పూర్వరంగం

పిల్లలు రూపకల్పనలో పాలుపంచుకోవడం కొత్త సంగతేమీ కాదు. 18వ శతాబ్దం చివరలో పారిస్‌లో వాలెంటిన్ ఆవీ స్థాపించిన అంధుల పాఠశాలలో, మామూలు అచ్చు అక్షరాలనే కాగితంపై ఉబ్బెత్తుగా ముద్రించి విద్యార్థులచేత తడిమి చదివించేవారు. ఆ అక్షరాలు చూపున్న ఉపాధ్యాయులకు సులువుగా ఉండేవి గాని, వేలికొనకు అందేవి కావు. వాటితో విద్యార్థులు సొంతంగా రాసుకోవడం దాదాపు అసాధ్యం. ఆ బడిలోనే చదువుకున్న లూయీ బ్రెయిలీ 1824 నాటికి, అంటే తన 15వ ఏట, ఆరు చుక్కల లిపిని రూపొందించి 1829లో ప్రచురించాడు. చదివేవాడి అవసరం నుంచి పుట్టింది కనుకనే ఆ లిపి నిలిచింది. భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా ఆమోదించిన భారతి బ్రెయిలీ 1951లో వచ్చింది; తెలుగు బ్రెయిలీ అందులో భాగమే.

వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఒకే తరగతిలో కూర్చున్నప్పుడే రెండో వర్గానికి ఏం చెప్పాలన్న ప్రశ్న తలెత్తుతుంది. భారతదేశంలో వైకల్యం ఉన్న పిల్లలను మామూలు బడుల్లో చేర్చుకునే కేంద్ర పథకం 1974లో మొదలైంది. అమెరికా 1975లో చట్టమే చేసింది. ఆ చట్టం దరిమిలా వాషింగ్టన్‌లో ప్రత్యేక విద్య ఉపాధ్యాయురాలు బార్బరా అయెల్లో 1977లో ‘కిడ్స్ ఆన్ ది బ్లాక్’ అనే బొమ్మలాట బృందాన్ని ప్రారంభించారు. చక్రాల కుర్చీలో తిరిగే బాలుడి వంటి పాత్రలుగా నిలువెత్తు బొమ్మలు తరగతికి వచ్చి, పిల్లలు పెద్దలను అడగడానికి జంకే ప్రశ్నలకు జవాబులు చెప్పేవి. పిల్లల భయాన్ని, బెరుకును పోగొట్టడంలో ఈ పద్ధతి మేలైనదే. అయితే చక్రాల కుర్చీ లోపలికి రాలేని గుమ్మం గురించి ఏం చేయాలన్నది ఆ కాలపు పాఠాల్లో ప్రధాన విషయం కాలేదు. 1994 జూన్‌లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు ఆమోదించిన ప్రకటన సహిత విద్యను, అంటే పిల్లలందరికీ ఒకే బడి అన్న విధానాన్ని, ప్రపంచ లక్ష్యంగా నిలిపింది.

రూపకల్పన సూత్రాలు బడికి చేరిన తీరు

చిన్నతనంలో పోలియో సోకి చక్రాల కుర్చీ వాడిన అమెరికన్ వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్, వికలాంగులకోసం విడిగా ఏర్పాట్లు చేయడం కంటే మొదటినుంచే అందరికీ పనికొచ్చేలా కట్టడం మేలని వాదించి, ఆ పద్ధతికి సార్వత్రిక రూపకల్పన అని పేరు పెట్టాడు. ఉత్తర కరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆయన 1989లో నెలకొల్పిన కేంద్రం 1997లో ఏడు సూత్రాలను ప్రకటించింది. ఈ ఆలోచనను బోధనకు మళ్లించింది 1984లో మసాచుసెట్స్‌లో ఏర్పడిన కాస్ట్ సంస్థ: పాఠాన్ని ఒకే రూపంలో కాక మాటగా, బొమ్మగా, చేతిపనిగా పలు రూపాల్లో అందించాలనీ, నేర్చినదాన్ని చూపడానికి పిల్లలకూ పలు మార్గాలు ఉండాలనీ దాని సారాంశం. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. కాస్ట్ బోధించింది ఉపాధ్యాయులకు. పిల్లలు ఆ పద్ధతివల్ల లాభం పొందినవారే తప్ప దాన్ని నేర్చుకున్నవారు కారు.

పిల్లలనే రూపకర్తలుగా చూసే ధోరణికి ఇంగ్లండ్ మంచి ఉదాహరణ. అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో 1990లో డిజైన్, టెక్నాలజీ ఒక పాఠ్యాంశంగా చేరింది. 2014 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన రూపం ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు తమకోసమే కాక ఇతరులు వాడుకోవడానికి కూడా వస్తువులను రూపొందించాలి. ఆపై తరగతులవారు ఫలానా వ్యక్తిని గాని, బృందాన్ని గాని ఉద్దేశించి తయారుచేయాలి. వైకల్యం అన్న ప్రస్తావన ఆ వాక్యాల్లో లేకపోయినా, వాడేవారెవరో ముందు తెలుసుకోవాలన్న అలవాటు అక్కడే మొదలవుతుంది. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలిసన్ డ్రూయిన్ 1990ల చివరలో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలను పరిశోధకులతో సమాన హోదా గల భాగస్వాములుగా కూర్చోబెట్టి, వారితో కలిసి సాఫ్ట్‌వేర్ రూపొందించే పద్ధతిని అభివృద్ధి చేశారు.

కంప్యూటరు తెరలో కొత్త గోడలు

పిల్లలకోసం 1967లో రూపొందిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను ఎడిన్‌బరోలోనూ, తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి.లోనూ సిల్వియా వీర్ ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు నేర్పి, కంప్యూటరు వారికి భావవ్యక్తీకరణ సాధనం కాగలదని చూపారు. ఆదేశాలను అక్షరాల్లో టైపు చేయడం లోగో పద్ధతి. ఎం.ఐ.టి.లోనే 2007లో విడుదలైన స్క్రాచ్‌లో ఆదేశాలు రంగురంగుల దిమ్మెలుగా కనిపిస్తాయి, వాటిని మౌస్‌తో లాగి ఒకదానికొకటి తగిలించాలి. అక్షరదోషాల బెడద తప్పడంతో చిన్నపిల్లలు దాన్ని ఇష్టపడ్డారు. కాని తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసే అంధ బాలలకు, మౌస్ పట్టు కుదరని పిల్లలకు ఆ దిమ్మెలు అందలేదు. సులువు చేయడమంటే అందరికీ సులువు చేయడం కాదనడానికి ఇంతకంటే మంచి పాఠం వెతుక్కోనక్కరలేదు, అయితే ఆ పాఠం స్క్రాచ్ నేర్పే తరగతుల్లో అరుదుగానే వినిపిస్తుంది.

ఈ లోటును పూరించడానికి కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రం సెసిలీ మారిసన్ తదితరుల ఆధ్వర్యంలో, చూపులేని పిల్లలను కలుపుకొని ‘ప్రాజెక్ట్ టొరీనో’ చేపట్టింది. ఇందులో ప్రోగ్రామును తెరమీద రాయరు. ప్లాస్టిక్ డబ్బాలను తీగలతో వరసగా కలిపి, వాటి మీటలు తిప్పుతూ పాటనో కథనో వినిపించేలా చేస్తారు. ఏడు నుంచి పదకొండేళ్ల వారికి ఉద్దేశించిన ఈ పరికరాన్ని 2019లో కోడ్ జంపర్ పేరుతో అమెరికన్ ప్రింటింగ్ హౌస్ ఫర్ ది బ్లైండ్ చేపట్టింది. చూపున్న పిల్లలూ అదే పరికరంతో పక్కపక్కనే కూర్చుని పనిచేయగలగడం దీని అసలు గుణం. బ్రెజిల్‌లోని దొరీనా నోవిల్ అంధుల ఫౌండేషన్ ప్రతిపాదించగా 2020లో పంపిణీకి వచ్చిన లెగో బ్రెయిలీ ఇటుకలు కూడా ఇదే కోవకు చెందుతాయి: బుడిపెలు బ్రెయిలీ అక్షరంగా ఉంటాయి, వాటి పక్కనే మామూలు అక్షరం అచ్చువేసి ఉంటుంది.

కళ్లకు గంతలపై వివాదం

సుగమ్యతను బోధించడానికి బడులు ఎక్కువగా ఆశ్రయించిన పద్ధతి అనుకరణ. కళ్లకు గంతలు కట్టి నడిపించడం, చెవుల్లో దూది పెట్టి వినమనడం, చక్రాల కుర్చీలో కాసేపు తిప్పడం ఈ కోవలోవి. 2015లో ఏరియల్ సిల్వర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, గంతలు కట్టుకొని పనులు చేసినవారు అంధులు ఉద్యోగం చేయగల, స్వతంత్రంగా బతకగల శక్తిని మునుపటికంటే తక్కువగా అంచనా వేశారు. 2017లో మిషెల్ నారియో-రెడ్‌మండ్ బృందం కూడా ఇటువంటి అభ్యాసాలు భయాన్ని, నిస్సహాయతను పెంచుతాయని చూపింది. ఏళ్ల తరబడి సాధనతో అంధులు సంపాదించుకునే నేర్పును పక్కన పెట్టి, చూపు పోయిన మొదటి పది నిమిషాల తడబాటును మాత్రమే ఈ ఆట చూపడం అందుకు కారణం. ఈ పరిశోధనల్లో పాల్గొన్నవారు చిన్నపిల్లలు కారన్నది నిజమే అయినా, చిన్నపిల్లల విషయంలో ఫలితం మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి ఆధారమేమీ లేదు. వస్తువునో తెరనో పరీక్షించడానికి అనుకరణ పనికొస్తుంది. మనిషిని అర్థం చేసుకోవడానికి పనికిరాదు. కళ్లు మూసుకొని ఒక వెబ్‌సైట్‌ను స్క్రీన్ రీడర్‌తో వింటే ఆ సైటులోని లోపం తెలుస్తుంది, అంధుల జీవితం తెలియదు.

పాఠంలో ఉండేదేమిటి

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1997లో ప్రారంభించిన సుగమ్యతా విభాగం 1999 మే 5న తొలి మార్గదర్శకాలను వెలువరించింది. 2008లో వచ్చిన రెండో రూపం, సమాచారం ఇంద్రియాలకు అందేలా, నడపడానికి వీలుగా, అర్థమయ్యేలా, రకరకాల సాధనాల్లో పనిచేసేంత దృఢంగా ఉండాలన్న నాలుగు సూత్రాలను స్థిరపరిచింది. నిపుణులకోసం రాసిన ఈ పత్రాల్లోని ప్రధానాంశాలు, విచిత్రంగా, భాషా బోధనకు చాలా దగ్గరగా ఉంటాయి. తెరమీద సమాచారమిచ్చే ప్రతి బొమ్మకూ దాన్ని చూడలేనివారికోసం రెండు ముక్కల వర్ణన జతచేయాలన్నది మొదటి నియమం. దీనిని ప్రత్యామ్నాయ పాఠం అంటారు. బొమ్మ చూసి వాక్యం రాయడం రెండో తరగతి పిల్లలు ఎలాగూ చేసే అభ్యాసమే గనుక, ఆ వాక్యం వినేవాడికి ఒకడున్నాడని చెబితే అది సుగమ్యతా పాఠం అవుతుంది. పువ్వు బొమ్మ అని రాయడానికీ, కథలో ఆ పువ్వు ఎందుకుందో తెలిసేలా రాయడానికీ గల తేడా పిల్లలు అక్కడే గ్రహిస్తారు. అక్షరాల రంగుకు, వెనుక రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలన్న నియమాన్ని లెక్కలతో చెప్పనక్కరలేదు. పసుపు కాగితంపై తెల్ల సుద్దతో రాయించి బల్లల చివరి వరస నుంచి చదివిస్తే సరిపోతుంది. వీడియోలో మాటలను అక్షరాల్లో చూపే క్యాప్షన్లు, మౌస్ లేకుండా ట్యాబ్ మీటతోనే పుట అంతా తిరగడం, శీర్షికలను కేవలం లావు అక్షరాలుగా కాక శీర్షికలుగానే గుర్తించడం తర్వాతి మెట్లు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2010లో చేరిన సుగమ్యతా తనిఖీ సాధనం అక్షరదోషాల తనిఖీలాగే పనిచేస్తుంది కాబట్టి నాలుగైదు తరగతుల పిల్లలకూ అలవాటు చేయవచ్చు, అయితే వర్ణన ఉందా లేదా అని తప్ప అది సరైనదేనా అని ఆ సాధనం చెప్పలేదు.

ఈ బోధన అవసరాన్ని అంకెలు చెబుతాయి. పది లక్షల వెబ్‌సైట్ల ముఖపుటలను ఏటా పరీక్షించే వెబ్ఎయిమ్ సంస్థ 2019లో 97.8 శాతం పుటల్లో సుగమ్యతా లోపాలను కనుగొంది. 2024లో ఆ సంఖ్య 95.9 శాతం.

భారతదేశంలో, తెలుగు నాట

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన మూడో తరగతి పరిసరాల విజ్ఞాన పుస్తకంలో సైగలతో మాట్లాడటం గురించి ఒక పాఠం, చూపులేని వ్యక్తి ఉన్న కుటుంబం గురించి మరో పాఠం ఉండేవి. బ్రెయిలీ లిపి పరిచయం అక్కడే వచ్చేది. జాలిని రేపకుండా మామూలు ఇంటి సంగతిగా చెప్పడం ఆ పాఠాల విశిష్టత. అదే సంస్థ ఒకటి, రెండు తరగతులకు వెలువరించిన ‘బర్ఖా’ కథల వరసను తడిమి గ్రహించే బొమ్మలతో, బ్రెయిలీ అక్షరాలతో అందరికీ పనికొచ్చేలా మళ్లీ తెచ్చింది.

చట్టపరంగా చూస్తే, భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, వికలాంగుల హక్కులపట్ల గౌరవాన్ని చిన్నవయసు నుంచే పిల్లలందరిలో పెంపొందించాలని ఎనిమిదో అధికరణంలో కోరింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సార్వత్రిక రూపకల్పనను నిర్వచించి, 39వ సెక్షన్‌లో ఈ హక్కులను బడుల పాఠ్యప్రణాళికలో చేర్చాలని ఆదేశించింది. ఆ ఆదేశానికి పిల్లల స్థాయిలో తొలి స్పష్టమైన రూపం 2021లో విడుదలైన ‘ప్రియ: ది యాక్సెసిబిలిటీ వారియర్’ అనే బొమ్మల కథ. కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తెచ్చిన ఈ పుస్తకంలో, ప్రమాదంలో కాలు విరిగిన బాలిక అలవాటైన చోట్లలోనే తిరగలేకపోవడంతో సుగమ్యత విలువ గ్రహిస్తుంది. భారతీయ సంజ్ఞాభాషలో వీడియోగా కూడా వచ్చిన ఈ కథ లోపాన్ని అమ్మాయిలో కాక కట్టడంలో చూపడం మెచ్చదగినది. కట్టు విప్పగానే సమస్య తీరిపోయే పిల్లనే కథానాయికగా ఎంచుకోవడం మాత్రం దాని పరిమితి. ఒక ఏడాది ముందు వచ్చిన జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను ఆరో తరగతి నుంచి మొదలుపెట్టమనడంతో, ప్రాథమిక దశలో డిజిటల్ సుగమ్యతకు ప్రత్యేక స్థానమేదీ ఏర్పడలేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండల స్థాయి భవిత కేంద్రాలు, అక్కడి సహిత విద్య రిసోర్స్ పర్సన్లు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు తోడ్పడుతున్నారు. కరోనా కాలంలో, 2020లో, తెలంగాణలో టీశాట్ చానళ్లు, దూరదర్శన్ యాదగిరి ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు, క్యాప్షన్లు గాని సంజ్ఞాభాష గాని లేని పాఠం వినికిడి లేని పిల్లకు బొమ్మగా మిగులుతుందన్న సంగతి ఉపాధ్యాయులకు ప్రత్యక్షంగా తెలిసివచ్చింది.

తెలుగుకు మరో ప్రత్యేక సమస్య ఉంది. 1991లోనే, ప్రపంచ లిపులన్నింటికీ ఉమ్మడి సంకేత వ్యవస్థ అయిన యూనికోడ్‌లో తెలుగుకు స్థానం లభించినా, అచ్చుకు పుటలు సిద్ధంచేసే డీటీపీ కేంద్రాల్లో పాత ఫాంట్ల వాడకం కొనసాగింది. ఆంగ్ల అక్షరాల సంకేతాలపై తెలుగు ఆకారాలను అతికించే ఆ ఫాంట్లతో తయారైన ఫైలు కంటికి చక్కని తెలుగుగా కనిపిస్తుంది గాని, తెలుగు గొంతుతో చదవగల ఈస్పీక్, ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుంపుగా వినిపిస్తుంది. పుస్తకాన్ని బొమ్మగా స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఆ మాత్రం కూడా వినిపించదు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర తోడ్పాటుతో వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్లు అందం తక్కువన్న సాకును చాలావరకు తొలగించాయి. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు సంబంధించినంతవరకు ప్రత్యామ్నాయ పాఠం, క్యాప్షన్లు, రంగుల నిష్పత్తి అన్నీ తర్వాతివే. మొదట రావలసింది యూనికోడ్ తెలుగులో టైపు చేయడం, అది ఇప్పటికీ ప్రాథమిక పాఠ్యప్రణాళికలో తప్పనిసరి అంశం కాలేదు.