కరక్కాయల రేవు

విశాఖలో ఓడ దిగినవాళ్ల చేతిలో పొద్దుటి నుంచి సందెవేళ దాకా ఒక్క పగలే ఉంటుంది. 2022 జూన్‌లో ఎంప్రెస్ విహారనౌక చెన్నై నుంచి వచ్చి ఇక్కడ లంగరేసింది. మరుసటి ఏడాదికి విహారనౌకల కోసమే ఒక టెర్మినల్ సిద్ధమైంది. ఆ ఒక్క పగట్లో కొండ చూడాలనుకుంటే అరకు, పాత రేవు చూడాలనుకుంటే భీమిలి. నన్నడిగితే రెండూ ఒకే దారి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి దాటి వచ్చే గోస్తని నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది.

ముందు భీమిలికే వెళ్లండి. 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకం పెట్టినవాళ్లు డచ్చివారు, మన పాతవాళ్ల మాటలో వలందులు. మచిలీపట్నంలో వలందపాలెం ఉన్నది వాళ్ల పేరు మీదే. నేత బట్టల కోసం వచ్చి, కోట కట్టి, ఈ ఉప్పుగాలిలోనే చాలామంది ప్రాణాలు వదిలారు. సముద్రం దగ్గరి శ్మశానంలో కోసుగా లేచిన గోరీల మీద డచ్చి అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1825లో రేవు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది, 1861లో ఊరు మునిసిపాలిటీ అయింది.

సాధారణంగా ఇక్కడితో చూడటం అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఒకప్పుడు ఇంగ్లండు తోళ్ల పరిశ్రమకు కరక్కాయ కావలసి వచ్చేది. తోలు ఊనడానికి పనికొచ్చే వగరు అందులో దండిగా ఉంటుంది. మన దేశం నుంచి వెళ్లే కరక్కాయల్లో ఒక రకానికి వాళ్ల వ్యాపార భాషలో భీమిలి మీదుగా వచ్చిన పేరు ‘బిమ్లీస్’. మన గోగునారకూ ‘బిమ్లి జూట్’ అనే పేరు స్థిరపడింది. మూతపడిన చిట్టివలస జనపనార మిల్లు గోస్తని గట్టున నిలబడి ఆ రోజుల్ని గుర్తుచేస్తూనే ఉంది. కరక చెట్టు సముద్రపు ఒడ్డున కాసేది కాదు. కొండల్లో కాయ ఏరినవాళ్లు గిరిజనులు. ఎండబెట్టి, గంపల్లో, కావిళ్లలో సంతకు దించేవారు. సంతలో షావుకారు తూచేవాడు. పైనుంచి కరక్కాయ, పసుపు, చింతపండు దిగేవి. కిందనుంచి ఉప్పు, ఎండుచేపలు, బట్ట ఎక్కేవి. చివరికి దూరదేశాల లెక్కల పుస్తకాల్లో సరుకుకు రేవు పేరే మిగిలింది. కొండ పేరు లేదు, కాయ ఏరిన చేతి పేరు అసలే లేదు. గోరీల మీది పేర్లు చదివినప్పుడల్లా నాకు ఈ లేని పేర్లే గుర్తొస్తాయి.

ఆ సంతల్లో షావుకార్ల తూకాల మోసం ఎంతటిదంటే, స్వతంత్రం వచ్చాక దానికి అడ్డుకట్టగా 1956లో గిరిజన సహకార సంస్థనే పెట్టాల్సి వచ్చింది.

భీమిలికి లోతైన రేవు ఎన్నడూ లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి, సరుకు పడవల్లో అలలు దాటి వెళ్లాల్సి వచ్చేది. 1933 అక్టోబరు 7న విశాఖ కొత్త రేవులోకి జలదుర్గ అనే ఓడ ప్రవేశించింది. ఓడ నేరుగా గట్టుకు ఆనుకునే చోటు పక్కనే దొరికాక భీమిలికి పోయే వర్తకుడెవరు? ఊరు మెల్లగా సద్దుమణిగింది. అందుకే కాబోలు దాని పాతదనం ఇంకా కాస్త మిగిలింది.

భీమిలిలోనే ఉన్న పావురాలకొండ ఎక్కి నదీముఖం ఒకసారి చూసి, మధ్యాహ్నానికి బొర్రా చేరుకోవచ్చు. ఈ కొండల్లోంచే 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. 58 సొరంగాలు తొలిచారు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అద్దాల పెట్టెలో కూర్చుని లోయలు చూసి మురిసిపోయే మనకు తట్టదు గానీ, ఈ దారి పడింది యాత్రికుల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాను చేరడానికి పడింది.

బొర్రా గుహలో చల్లటి చీకట్లో నిలబడితే అడుగున గోస్తని నీటి చప్పుడు వినిపిస్తుంది. పొద్దున భీమిలిలో ఉప్పునీళ్లలో కలుస్తూ కనిపించింది ఈ నీరే. బయటికొచ్చి స్టేషను వైపు నడుస్తుంటే, ఖనిజం నింపుకున్న గూడ్సు బండి ఒకటి సొరంగంలోంచి బయటపడి, బరువుగా, రేవు వైపు దిగిపోతూ కనిపిస్తుంది.