మెరిక్‌విల్ లాకుల దగ్గర మనవాళ్లు

సంఘం రజతోత్సవ సంచికకు విహారయాత్రల చరిత్ర రాయమని కమిటీవారు ఆజ్ఞాపించారు. ఏటా ఆగస్టు మొదటి సోమవారం, ఒట్టావాలో కర్నల్ బై పేరిట ఇచ్చే సెలవునాడు, మనం వెళ్లింది మెరిక్‌విల్ లాకులకే. కనుక ఆ లాకుల చరిత్రే మన యాత్రల చరిత్ర.

ఆ చోటు ఎంచింది సంఘాన్ని నిలబెట్టిన పెద్దల్లో ఒకరు. అందరికీ మాస్టారు. ధవళేశ్వరం పక్క మనిషి కావడంతో లాకు కనబడితే ఇక అడుగు కదిపేవారు కాదు. అక్కడ ఈనాటికీ పని చేత్తోనే. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు, సిబ్బంది పిడి పట్టి తిప్పి తూములు ఎత్తుతారు. నీళ్లు సుడులు తిరుగుతూ పొంగుతుంటే, పడవలోవాళ్ల టోపీలు ముందు, భుజాలు తరవాత గట్టు మీదికి తేలతాయి. "నెమ్మది, నెమ్మది బాబూ" అని మాస్టారు తెలుగులోనే హెచ్చరించేవారు. ఆ కుర్రాళ్లూ నవ్వి తలూపేవారు.

1812 యుద్ధం చూశాక బ్రిటిష్‌వారికి భయం పట్టుకుంది. అమెరికా మళ్లీ దండెత్తితే సెయింట్ లారెన్స్ నది మీద రాకపోకలు తెగిపోతాయి. అందుకే ఒట్టావా నుంచి మెరిక్‌విల్ మీదుగా కింగ్‌స్టన్ దాకా, 202 కిలోమీటర్ల రిడో జలమార్గం. 1826లో మొదలుపెట్టి 1832కి పూర్తిచేసిన ఇంజనీరు జాన్ బై. లాకులకు కాపలాగా ఇరవైకి పైగా బ్లాక్‌హౌస్‌లు కట్టాలని ఆయన కోరిక. డబ్బు చాలక కొన్నే లేచాయి. వాటిలో మెరిక్‌విల్‌ది పెద్దది. కింద మందపాటి రాతిగోడలు, తుపాకీ గొట్టం పట్టేంత సన్నని కంతలు, పైన ముందుకు పొడుచుకొచ్చిన కొయ్య అంతస్తు. యాభైమంది సైనికులు ఉండేలా కట్టారు. యుద్ధమైతే రానేలేదు. లాకు అధికారి కాపురం పెట్టాడు, ఇప్పుడది మ్యూజియం.

ఆ తరవాతి నూటెనభై ఏళ్లూ సరుకుల పడవలు, రైలు పోటీ, విహార పడవలు, 2007లో యునెస్కో గుర్తింపు.

అసలు కథ కాలువ తవ్వేటప్పుడు, దారిలోని న్యూబరో దగ్గర జరిగింది. చిత్తడి అడవి, అడుగున గట్టి రాయి, పైన దోమలు. వేసవి వస్తే చలిజ్వరం ఊడ్చేసేది. క్వినైన్ ఖరీదు, కూలివాడికి అందదు. కాంట్రాక్టర్లు చేతులెత్తేస్తే, బై సైన్యంలోని సాపర్లను, అంటే తవ్వకాల దళాన్ని, దింపాడు. ఆయనకూ జ్వరం తగిలింది. కాలువ పొడవునా పోయినవారు సుమారు వెయ్యిమంది అంటారు. ఎక్కువమంది ఐరిష్, ఫ్రెంచ్ కెనడియన్ కూలీలు. వారి కోసం ఒట్టావా లాకుల పక్కన ఒక శిలువ నిలిపారు, అదీ 2004లో.

ఖర్చు ఎనిమిది లక్షల పౌండ్లు దాటిందని బై దొరను లండన్‌కు పిలిపించి లెక్కలు అడిగారు. తప్పేమీ తేలలేదు, సన్మానమూ దక్కలేదు. 1836లో పోయాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు మాత్రం 1861లో సర్ బిరుదు వచ్చింది, మన గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలు లేచాయి. ఈ మాట ఎత్తినప్పుడల్లా మాస్టారు బై పక్షాన కోర్టులో వాదించినట్టే మాట్లాడేవారు.

ఇక పేర్లు. కాలువ కాంట్రాక్టర్లు థామస్ మెకే, జాన్ రెడ్‌పాత్, ఫిలెమన్ రైట్, ఆండ్రూ వైట్, రాబర్ట్ డ్రమ్మండ్ ప్రభృతులు. మన యాత్రలకు బస్సు ఖర్చు భరించినవారు, టెంట్లు ఇచ్చినవారు, మైకు పెట్టినవారు, బహుమతులు పంచినవారు, మంచినీళ్లు మోసిన యువకులు, అందరికీ కృతజ్ఞతలు. దాతల వివరాలు ఫొటోలతో సహా సంచిక చివర నాలుగు పేజీల్లో ఉన్నాయి.

ఆ నాలుగు పేజీల్లో వంటవాళ్లు లేరు. తెల్లవారుజామున లేచి గంగాళం పులిహోర కలిపిన అమ్మలు, వదినలు దాతలు కారట, కార్యకర్తలూ కారట. ఏ పట్టికలో వేయాలో తెలియక వదిలేశామన్నారు. పదిహేనేళ్ల సంచికప్పుడూ ఇదే జవాబు విన్నాను.

ఈ ఏటి యాత్రకు వచ్చేవారు జూలైలోపు కార్యదర్శిగారికి చెప్పండి. వండేవారు మాత్రం నాకు చెప్పండి, పేర్లు నేనే రాసుకుంటాను.