సేఠ్ చెప్పిన సగం లెక్క

రాత్రి పదకొండు. తార్నాక చౌరస్తాకు దగ్గర్లో ఒక హోటల్. కుర్చీలు టేబుళ్ల మీదికెక్కాయి, నేల తుడవడం అయిపోయింది. అంబర్‌పేట్‌లోని గదికి పోవాల్సిన సర్వర్ క్యాష్ కౌంటర్‌లో ఉన్న యజమాని ముందు ఆగాడు.

"సేఠ్, కరోనా ముందటి నుంచి జీతం గదే ఎనిమిది వేలు. జర పెంచున్రి."

"టిప్పులొస్తలేవా? అమెరికల మా బామ్మర్ది చూసిండు, ఆడ టిప్పులే జీతమట. ఈడ నేను జీతం గూడ ఇస్తున్న గద!"

టిప్పులెన్నొస్తున్నాయో సర్వర్‌కు తెలుసు. ఒకప్పుడు సోంపు ప్లేట్లో బిల్లు పెట్టి ఇస్తే, చిల్లర అందులోనే వదిలేసి వెళ్లేవారు. ఇప్పుడు టేబుల్ మీదే క్యూఆర్ కోడ్. ఉస్మానియా క్యాంపస్ పిల్లలు నలుగురు తిని, బిల్లు పంచుకుని, పైసలతో సహా ఫోన్‌పే కొట్టేస్తారు. అదంతా సేఠ్ ఖాతాలో పడుతుంది.

ఈ సర్వర్‌కు పేరు పెట్టలేదు. ఈ మాటలు ఏ హోటల్లోనైనా వినిపించేవే, ఇక్కడ ఊహించి రాశాను. చట్టాలు, తీర్పులు మాత్రం ఉన్నవే.

సేఠ్ అమెరికా లెక్క సగమే చెప్పాడు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, 1991 నుంచీ అదే రేటు. కానీ టిప్పులతో కలిపి కనీస వేతనమైన 7.25 డాలర్లు కాకపోతే ఆ తక్కువ యజమానే పూడ్చాలి. కాలిఫోర్నియాలో టిప్పులు చూపి తక్కువ ఇచ్చే వెసులుబాటు కూడా లేదు.

మన దగ్గరా లేదు. కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ 1946లో ప్రవేశపెట్టిన బిల్లు 1948లో కనీస వేతనాల చట్టమైంది. టిప్పు చూపించి కనీస వేతనం తగ్గించొచ్చని అందులో ఎక్కడా లేదు. జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ హోటల్ యాజమాన్యం, కార్మికులకు పంచే సర్వీస్ ఛార్జిని జీతం లెక్కలో కలపాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది యాజమాన్యం సొమ్ము కాదు, జీతం కిందికి రాదని 1976లో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ భగవతి ఇంకా గట్టిగా చెప్పారు: కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది.

మర్నాడు మధ్యాహ్నం సర్వర్ తన గోడు లా కాలేజీ కుర్రాడొకడితో చెప్పుకున్నాడు.

"జీతం చీటీ ఎన్నడియ్యలే తమ్మీ. ఏం చూపియ్యాలె?"

"పూర్తి జీతమిచ్చిన అని రుజువు చేసుకోవాల్సింది సేఠే అన్నా, నువ్వు గాదు."

నిజమే. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ రుజువు భారం యజమాని మీదే పెట్టింది. దాని రాకతో రద్దయిన 1948 చట్టంలో ఫిర్యాదుకు ఆరు నెలలే గడువుండేది, ఇప్పుడు మూడేళ్లు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించొచ్చు.

"మరి రేపు పనిలకెళ్లి తీసేస్తే?"

కుర్రాడు మాట్లాడలేకపోయాడు. ఈ భయంతోనే ఎందరో నోరు మెదపరు. ఒంటరిగా వెళ్లినవాణ్ని తీసేయడం తేలిక, పదిమంది కలిసి సంతకం పెడితే కష్టం.

క్యాంపస్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు రోజూ వడ్డించే మనిషిని జీతమెంతో అడగండి. కనీస వేతనం కన్నా తక్కువైతే, అతనితో పాటు తోటివాళ్లనూ కూర్చోబెట్టుకుని కార్మిక శాఖకు దరఖాస్తు రాసిపెట్టండి.