క్యాంపస్ సభలు: చెత్త ఖాయమయ్యేది ఎప్పుడు?

విశ్వవిద్యాలయంలో జరిగింది స్నాతకోత్సవమైనా, జాతీయ సదస్సైనా, విద్యార్థుల ఫెస్టైనా మర్నాడు మిగిలేవి దాదాపు అవే: ఫ్లెక్సీలు, నీళ్ల సీసాలు, సగం తిని వదిలేసిన భోజనం. పర్యావరణ హితం అనగానే నిర్వాహకులు రంగురంగుల చెత్తబుట్టలు తెప్పిస్తారు. కానీ ఆ బుట్టల్లో పడేదేమిటో అంతకు చాలా ముందే, కొనుగోలు ఆర్డర్ల మీద సంతకాలు పడినప్పుడే ఖాయమైపోతుంది.

చట్టం కొంతవరకే తోడొస్తుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మకోల్, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు నిషిద్ధం. అంతకన్నా మందమైన ఫ్లెక్సీ ఆ నిషేధంలోకి రాదు. నీళ్ల సీసాలు కూడా అంతే. ఇక ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయమంటూ తెచ్చే పేపర్ కప్పు లోపల సాధారణంగా పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మామూలు చిత్తుకాగితాలతో కలిపి దాన్ని రీసైకిల్ చేయడం కష్టం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు మరో షరతు పెట్టాయి. లైసెన్సు లేని చోట 100 మందికి మించి సభ జరిపేవారు కనీసం 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, చెత్తను అక్కడికక్కడే వేరుచేసి అప్పగించాలని అవి చెప్పాయి.

ఆచరణకు మంచి ఉదాహరణ కేరళ. 2015లో 35వ జాతీయ క్రీడలను ఆ రాష్ట్రం 'హరిత నియమావళి' కింద నిర్వహించింది. వాడి పారేసే సామగ్రిని తగ్గించి, కడిగి మళ్లీ వాడుకునే పాత్రలకు ప్రాధాన్యమివ్వడం దాని కీలకం. రాష్ట్ర పాఠశాల కళోత్సవాలూ తర్వాత అదే బాట పట్టాయి. తెలంగాణలో సిద్దిపేట 'స్టీల్ బ్యాంకు'లదీ ఇదే ఆలోచన: శుభకార్యాలకు స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకిస్తారు.

హాస్టల్ మెస్సులున్న క్యాంపస్‌కు ఇది ఇంకా సులువు. కంచాలున్నాయి, కడిగే తొట్లున్నాయి. లేనిదల్లా బడ్జెట్‌లో ఒక పద్దు. కడిగేవారికి అదనపు కూలి ముందే రాసుకోకపోతే, వేదిక మీద చప్పట్లు కొట్టించుకున్న 'హరిత సభ' బరువంతా ఆ రాత్రి కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల వీపు మీద పడుతుంది. మన క్యాంపస్‌లలో ఎక్కువగా దాటేసేది ఈ లెక్కనే.

భోజనం దగ్గర ముఖ్య అతిథి వచ్చే పూట జనం, మధ్యాహ్నం సెషన్ల జనం ఒకటి కాదు. ఒక్కో పూటకు విడిగా పేర్లు నమోదు చేయించి, ముందు రోజు సాయంత్రం ఆ సంఖ్యను వంటవాళ్లకు చెబితే చాలావరకు వృథా తగ్గుతుంది. మిగిలింది పంచాలంటే తీసుకెళ్లేవారితో ముందే మాట్లాడుకోవాలి. రాత్రి పదింటికి ఫోన్లు చేస్తే అన్నం పాడైపోతుంది. బ్యానరు గుడ్డ మీద రాయించి, దాని మీద తేదీ, అతిథుల పేర్లు లేకుండా చూసుకుంటే వచ్చే ఏడాదీ అదే కట్టుకోవచ్చు. అతిథుల పేర్లకు తెర మీద ఒక స్లైడు చాలు.