నోబితా వాళ్ళమ్మ

మా చిన్నవాడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల పరీక్ష పేపరు ఒకటి బియ్యం డబ్బా వెనకాల దాచాడు. 25కి 3 మార్కులు. ఊడుస్తుంటే చీపురుకి తగిలి బయటపడింది. మార్కుల కంటే దాచినందుకు నాకు ఎక్కువ కోపం వచ్చింది. "ఎందుకు దాచావురా?" అని నిలదీస్తే, తల వంచుకుని "నువ్వు నోబితా వాళ్ళమ్మలా అరుస్తావు కదా" అన్నాడు.

అప్పటిదాకా డోరేమాన్ అంటే నాకు వాడి నోట్లో నాలుగు ముద్దలు పెట్టడానికి పనికొచ్చే నీలం పిల్లి, అంతే. అందులో ఒక అమ్మ ఉందనీ, ఆవిడ నాలా ఉంటుందనీ ఎప్పుడూ గమనించలేదు. ఆ రోజు మాత్రం ఠక్కున టీవీ కట్టేశాను.

అది 2013. బంగ్లాదేశ్ ప్రభుత్వం హిందీ డోరేమాన్ ప్రసారాలను ఆపించిందని పేపర్లో వచ్చింది కూడా ఆ సంవత్సరమే. పిల్లలు బెంగాలీ వదిలేసి హిందీ మాట్లాడుతున్నారనీ, అబద్ధాలు నేర్చుకుంటున్నారనీ అక్కడ గొడవ. "చూశారా, నేను చెప్తే విన్నారా!" అని మావారి ముందు ఆ పేపరు పరిచాను. మావాడు కూడా అంతే మరి. బడిలో హిందీ టీచరు నేర్పినదానికంటే ఆ పిల్లి నేర్పిందే ఎక్కువ. మంచినీళ్ళు కావాలన్నా హిందీలోనే అడిగేవాడు.

వారం గడిచాక మా అత్తయ్య, "ఆ పిల్లి వాణ్ణి ఏం చేసిందే అమ్మా? నేనూ చూస్తున్నాగా" అంది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా రోజూ మనవడి పక్కన కూర్చుని చూసేది. సరే, అసలు సంగతేమిటో చూద్దామని నేనూ వాళ్ళ పక్కన చేరాను. చదవడం అలవాటు కనుక దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా వెతికాను.

డోరేమాన్‌ని సృష్టించింది హిరోషి ఫుజిమోటో. చిన్ననాటి స్నేహితుడు మోటో అబికోతో కలిసి 'ఫుజికో ఫుజియో' అనే పేరుతో బొమ్మల కథలు గీసేవాడు. ఒకసారి గడువు ముంచుకొచ్చినా కొత్త కథ తట్టలేదట. ఆలోచించి పెట్టే యంత్రం ఏదైనా ఉంటే బాగుండునని పగటికలలు కంటూ, వీధిపిల్లుల గోల వింటూ, కాలం గడిపేశాడట. చివరికి హడావిడిగా పరుగెడుతుంటే కూతురి ఆటబొమ్మ కాలికి తగిలింది. ఎంత తోసినా మళ్ళీ లేచి నిలబడే గుండ్రటి బొమ్మ అది. పిల్లి, బొమ్మ, పనులు చేసిపెట్టే యంత్రం మూడూ కలిసి డోరేమాన్ అయ్యాయని ఆయనే చెప్పుకున్నాడు. ఇంట్లో ఆటవస్తువులు కాలికి తగిలితే మనం తిడతాం, ఆయన కథ చేశాడు! పేరులో 'డోరా' అంటే వీధిపిల్లి, 'ఎమాన్' పాతకాలం మగవాళ్ళ పేర్ల చివర వచ్చేది. మన భాషలో ఏ 'పిల్లయ్య' అనో అనుకోవచ్చు.

1969 డిసెంబరులో ఈ కథ ఒకేసారి ఆరు పిల్లల పత్రికల్లో మొదలైంది. తరగతికో పత్రిక, ఆ వయసుకి తగ్గ కథ. 1973లో టీవీలో వస్తే కొన్ని నెలలకే ఆగిపోయింది. 1979లో మళ్ళీ మొదలై దేశాలు దాటింది. మన పిల్లలకి హంగామా టీవీలో హిందీలో దొరికింది. 2008లో జపాన్ విదేశాంగ శాఖ ఈ పిల్లిని తమ కార్టూన్ రాయబారిగా కూడా నియమించింది.

కథలో పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలంలో సిమెంటు తూములు పేర్చి ఉంటాయి, గుర్తుందా? టోక్యో చుట్టూ ఊళ్ళు పెరిగిపోతున్న కాలం అది. నాన్న ఆఫీసుకి, అమ్మ ఇంట్లో, పిల్లవాడి మార్కుల పూచీ అంతా అమ్మదే. అలాంటి అమ్మలకి అక్కడ 'క్యోయికు మామా' అని పేరే పెట్టారు, అంటే చదువుల అమ్మ. మనకి చదువుల తల్లి అంటే సరస్వతి. వాళ్ళకేమో పిల్లవాణ్ణి పుస్తకం దగ్గర్నుంచి లేవనివ్వని ఇల్లాలు! నోబితా వాళ్ళమ్మ అరుపుల వెనక ఇంత ఉందని తెలిశాక, ఆవిడ మీద కోపం పోయి జాలి కలిగింది. నా మీద కూడా కొంచెం.

ఇక డోరేమాన్ సోమరితనం నేర్పుతుందన్న మాట. పేజీకి అద్ది తింటే పాఠం కంఠతా వచ్చే బ్రెడ్డు ఉంది కదా, దాన్ని నోబితా అతిగా తిని కడుపు పాడుచేసుకుంటాడు, చదివిందంతా పోతుంది. చాలా కథల్లో అంతే. పరికరం చివరికి వాణ్ణి మళ్ళీ వాడి దగ్గరికే తెచ్చి దింపుతుంది.

తర్వాతి ఏడు మా అత్తయ్య పోయింది. కొన్నాళ్ళకి టీవీలో ఆ కథ వచ్చింది. నోబితా కాలయంత్రం ఎక్కి, చనిపోయిన బామ్మని చూడ్డానికి వెళ్తాడు. నువ్వు బడికి వెళ్ళడం చూడాలని ఉందని ఆవిడ అంటే, పరుగున వెళ్ళి బడిసంచి తగిలించుకొచ్చి చూపిస్తాడు. మావాడు ఏమీ మాట్లాడలేదు. నా చీరకొంగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కార్టూన్లు మాన్పించాలనే మాట ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు.

డోరేమాన్ ఎత్తు 129.3 సెంటీమీటర్లు. ఆ రోజుల్లో నాలుగో తరగతి పిల్లల సగటు ఎత్తు అంతేనట. అంటే తలెత్తి చూడక్కర్లేదు, కళ్ళల్లోకి చూసి మాట్లాడవచ్చు. అది చదివిన దగ్గర్నుంచి మావాడు పరీక్ష పేపరు తెస్తే నేను ముందు కింద చాప మీద కూర్చునేదాన్ని. తర్వాతే పేపరు చూసేదాన్ని. అరవలేదని చెప్పను. కానీ బియ్యం డబ్బా వెనకాల మళ్ళీ ఏ కాగితమూ దొరకలేదు.