పడవ నలుపు



పడవల చరిత్ర వ్రాసినవారు వాని యాకారమును, తెరచాపలను, అవి మోసిన సరకులను విరివిగా వర్ణించిరి. పడవ యొడలికి పూసిన పూతను గూర్చి చెప్పినవా రరుదు. ఆ పూత యెట్టిది, దాని నలుపు ఎండకు నిలుచునా, వెలిసినచో నేమి చేయవలెను అను ప్రశ్నలు అల్పములుగా దోచవచ్చును. కాని పడవనే నమ్ముకొని బ్రదుకువానికి అవి కూటి ప్రశ్నలు. కావున నేడు ఆ పూత చరిత్రనే మీకు విన్నవింతును.

మా మేళ్లచెరువు సీమకు దక్షిణపు హద్దు కృష్ణానది. ఇచ్చటి రేవులయందు తరతరములుగా జనులను దాటించినది పుట్టి. వెదురుబద్దలతో పెద్ద గంపవలె గుండ్రముగా నల్లి, వెలుపల పశువుల తోలు కప్పిన యీ పడవ మిక్కిలి ప్రాచీనమైనది. 1520 ప్రాంతమున విజయనగరమును జూడవచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేయిస్, ఆనెగొంది యొద్ద జనులు తుంగభద్రను ఇట్టి తోలుపడవలలో దాటుటను వర్ణించెను. 17వ శతాబ్దమున గండికోటనుండి గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, ఎద్దుతోళ్లు కప్పిన గంపపడవలను పేర్కొనెను. మాకు నది కావలియొడ్డున నుండిన కొల్లూరి వజ్రపుగనులను గూర్చి వ్రాసినవాడును ఆయనయే. ఆ గనుల తావు నేడు 2013 డిసెంబరు 7వ తేదీన ప్రారంభమైన పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. గనులు పోయినవి గాని పడవ పోలేదు.

తోలు తడిసి, యెండి, చివుకును. అందుచే తరువాతి కాలమున తోలునకు మాఱుగా గుడ్డయు, ప్లాస్టికు పట్టాయు వచ్చినవి. వానిపై తారు పూసిరి. నేను బాల్యమున జూచిన పుట్టి నల్లనిది. ఆ నలుపు అందమునకు గాదు. తారు బూడిదవన్నెకు దిగి నెఱ్ఱెలు విచ్చెనా, నీరు లోనికి వచ్చును. కావున పడవవాడు రంగును జూచియే పడవ యాయువును గుర్తెఱిగెడివాడు. రంగు దిగిన పడవ మునుగు పడవ. ఇది వాని శాస్త్రము. మరల మరల తారు పూయుట వాని వ్రతము. సముద్రతీరమునను రీతి యిదియే. ఓడవడ్రంగులు కఱ్ఱపలకల సందులలో నార కూరి, గుగ్గిలమును నూనెలో కాచి పూసెడివారు. పలకలకు చేపనూనె పట్టించెడివారు. ఆ పూతలలో నేదియు శాశ్వతమని వారెన్నడు నెంచలేదు.

రంగును నిలుపు విద్య మనకు తెలియనిది కాదు. 1611లో గ్లోబు అను ఓడపై ఆంగ్లేయులు నిజాంపట్టణమునకును, మచిలీపట్టణమునకును వచ్చినది తెలుగుసీమ అద్దకపు బట్టల నాశించియే. చిరివేరు ఎఱుపు పటికతో గూడి నూలుపోగు లోనికి జొచ్చును. కావుననే ఉతికినను అంత సులభముగా పోదు. ఆ నూలునందు పోగే రంగును పట్టుకొనును. పడవయందు రంగు, జిగురులో గలిసి పైన పఱచుకొనియుండును. జిగురు చెడిన రంగు నిలుచు చోటుండదు. ఈ భేదము ముందు చెప్పబోవు విషయమునకు మూలము.

1930ల దశకమున అమెరికాలో గాజును సన్నని నారగా దీయు విద్య పరిశ్రమగా నెదిగినది. ఆ గాజునారను పాలియెస్టరు అను కృత్రిమపు జిగురుతో గలిపి 1942లో ఒహాయో రాష్ట్రమున రే గ్రీన్ అనునతడు పడవను జేసెను. మన తూర్పుతీరమున, 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు మద్రాసు కేంద్రముగా నారంభించిన బంగాళాఖాత కార్యక్రమము, ఇసుకపై దిగదగిన ఫైబరు పడవలను పరీక్షించెను. 2004 డిసెంబరు 26నాటి సునామీకి తెప్పలును, నావలును పోగొట్టుకొనిన బెస్తలకు తరువాత ఫైబరు పడవలు విరివిగా లభించినవి. ఇవి చివుకవు, పురుగు పట్టవు. తారును, చేపనూనెను మఱచిపోవచ్చునని అందఱు సంతసించిరి. ఎండ మాత్రము వానిని మఱువలేదు.

ఈ పడవను జేయు క్రమము విచిత్రమైనది. కుమ్మరి కుండ జేసి, పిదప పూత పూయును. ఇందు పూత ముందు, పడవ వెనుక. నున్నగా మెఱుగుపెట్టిన అచ్చులో మొదట రంగు గలిపిన జిగురును పలుచగా పఱతురు; దీనికి జెల్‌కోటు అని పేరు. దాని వెనుక గాజునార పొరలను జిగురుతో దడిపి అంటింతురు. అచ్చునుండి విడదీసినపుడు నలుపో, నీలమో అద్దమువలె మెఱయుచు వెలువడును. ఆ పూత మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఈ కొలతను శ్రోతలు మనసున నుంచుకొనవలెను.

కొన్ని యేండ్లకు ఆ నల్లపడవ బూడిద పూసికొనినట్లగును. ఎండలోని అతినీలలోహిత కిరణములును, గాలిలోని ప్రాణవాయువును గలిసి జిగురును విడగొట్టి, పైపొరను సన్నని పొడిగా జేయును. సున్నము కొట్టిన గోడను రాచినట్లు అది చేతికంటును. ఆ పొడి వెలుగును నలుదెసల చెదరగొట్టుటచే తెల్లగా దోచును. తెల్లపడవపై ఆ తెలుపు దాగును, నల్లపడవపై దాగదు. పైగా ముదురు వన్నె వేడిని మిక్కిలిగా గ్రహించుటచే లోని గాజునార నేత యొక్క జాడ సయితము కొన్నియెడల పైకి దేలును.

అట్లయిన నలుపు పోయినదా? ఇచ్చట మా పండితుల యింటి సాక్ష్య మొకటి కలదు. గంటముతో వ్రాసి మసి రాచిన తాళపత్రములను నేను గురువులయొద్ద జదివితిని. ఆకు పెళుసైనది, అంచులు విఱిగినవి. అక్షరపు నలుపు చెడలేదు. మసి యనగా అంగారము. ఎండ దాని నేమియు జేయజాలదు. నల్లపడవ పూతలోను సాధారణముగా నుండునది అట్టి మసియే. కావున పడవ తెల్లవాఱినను నలుపు లోపల నున్నది. దానిని పట్టిన జిగురు మాత్రమే పైన పొడియైనది. కొన్ని ఎఱుపులయందు మాత్రము రంగే ఎండకు హరించుకొనిపోవును.

ఈ రెంటిని వేఱుపఱచుటకు తడిగుడ్డ చాలును. నీడలో పడవను మంచినీటితో కడిగి, తడిగుడ్డతో నొకచోట తుడువవలెను. తడి యున్నంతసేపు పాత వన్నె తిరిగివచ్చెనా, చెడినది పైపొడి మాత్రమే, మెఱుగుతో బాగుపడును. తడిపినను రాకపోయెనా, రంగే పోయినది. మెఱుగు పెట్టుట వ్యర్థము, కొత్త రంగు వేయింపవలసినదే.

మెఱుగు పెట్టువాడు మెత్తని రబ్బింగు కాంపౌండుతో నారంభింపవలెను. అది చాలనిచో వెయ్యి నంబరునకు దిగని వాటరు పేపరుతో నీటితో రాచి, క్రమముగా రెండువేల నంబరునకు బోయి, పిదప కాంపౌండును వాడవలెను. మరను ఒకేచోట నిలుపరాదు. వేడికి పూత మాడును. అంచులయొద్ద పూత త్వరగా నరుగును. ముక్కునకు గుడ్డయు, కంటికి అద్దములును ఉండవలెను. తుదకు మైనము పట్టింపవలెను. మెఱుగు పోయిన వన్నెను దెచ్చునే కాని కాపాడదు, కాపాడునది మైనము. మా యెండలకు ఏటికి రెండుమాఱులు మైనము పట్టించినను అధికము కాదు. పని లేనపుడు పడవను నీడన నుంచుటయో, పట్టా కప్పుటయో అన్నిటికంటె చౌకైన మందు.

కాని అర మిల్లీమీటరును మఱువరాదు. ప్రతి మెఱుగును ఆ మూలధనమునుండి కొంత తీసికొనును. ఏటేట గట్టిగా రాచువాడు వడ్డీని గాక అసలునే తినుచున్నాడు. పూత యరిగి గాజునార కంటికి గనబడినచో, నీరు లోని పొరలకు దారి చేసికొనును. అది వన్నె లోపము గాదు, బలమునకు లోపము. అట్టిచోట తగిన మరమ్మతు లేక పైన రంగు మాత్రము పూసి ప్రజల నెక్కించుట పాపము.

జనులు ఇందు రెండు విధముల మోసపోవుచున్నారు. పుట్టినాటి శాస్త్రమునే పట్టుకొని, వెలిసిన ఫైబరు పడవ చెడినదే యని మంచి పడవను అయినకాడికి అమ్ముకొనువారు కొందఱు. నిగనిగలాడు కొత్త రంగును జూచి, క్రింది నెఱ్ఱెలను విచారింపక కొనువారు మఱికొందఱు. పుట్టికి నలుపే ప్రాణము. ఫైబరు పడవకు నలుపు చొక్కా వంటిది. వెలిసినంత మాత్రమున మనిషి చెడడు, కొత్తది తొడిగినంత మాత్రమున రోగము పోదు. కొనువాడు రంగును జూచుటతో నిలువక, అడుగును తట్టి, అంచులను తడవి, లోపల నీరూరు చోట్లను వెదకవలెను.

పదార్థము మాఱినది, ఎండ మాఱలేదు. పాత పడవవాడు తన పూత శాశ్వతము గాదని యెఱిగి, అదను దప్పక దానిని బాగుచేసికొనెడివాడు. ఆ తారుడబ్బాతో నేడు పని లేదు గాని, ఆ యెఱుక లేక ఏ పడవయు చిరకాలము నీటిపై నిలువదు.