పెరటి ఆకు, అడవి పిడుదు: క్యాసనూర్ అటవీవ్యాధి చరిత్రలో ఇంటి ఆవరణ

వ్యాససంగ్రహం: 1957లో పాత మైసూరు రాష్ట్రంలోని శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూర్ అటవీవ్యాధి పిడుదుల ద్వారా మనుషులకు సంక్రమిస్తుంది. ఈ వ్యాధి చరిత్రను సాధారణంగా వైరస్ ఆవిష్కరణ కథగా, లేదా అడవుల నరికివేత కథగా చెబుతారు. పశువుల కొట్టం, పెరడు, ఎండుటాకుల కుప్ప ఆ చరిత్రలో ఏ స్థానం పొందాయి, నివారణ బాధ్యత క్రమంగా ఎవరి భుజాలకెక్కింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పిడుదు, క్యాసనూర్, మలెనాడు, సొప్పినబెట్ట, కొట్టం, ప్రజారోగ్య చరిత్ర.

ఉపోద్ఘాతం

తెలుగులో పిడుదు, గోమారు అనే మాటలు వినగానే మనసులో మెదిలేది పశువు. ఆవు గంగడోలు కింద, చెవి లోపల, పొదుగు పక్కన రక్తం తాగి ఉబ్బిన గింజలాంటి పురుగును రైతు చేతితో గిల్లి తీసి నిప్పులో వేస్తాడు. కొట్టం గోడల పగుళ్లను మట్టితో పూడ్చడం, సున్నం కొట్టడం, వేపనూనె రాయడం, కోళ్లను కొట్టంలో తిరగనివ్వడం వంటి మన పల్లెటూరి జాగ్రత్తలన్నిటికీ ఆధారం ఒకే భావన: పిడుదు పశువుది, పశువును శుభ్రం చేస్తే పిడుదు పోతుంది.

ఈ భావన తప్పు కాదు. మన ప్రాంతంలో పశువులను ఎక్కువగా పీడించే పిడుదుల్లో ఒకటైన బూఫిలస్ జాతి పిడుదు, పిల్లదశలో పశువునెక్కి, పెద్దదై, గుడ్లు పెట్టడానికి మాత్రమే నేలకు దిగుతుంది. అమెరికాలో ‘టెక్సాస్ జ్వరం’ అనే పశువ్యాధికి కారణం ఈ కోవకు చెందిన పిడుదేనని థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్బోర్న్ 1893లో నిరూపించారు. సంధిపాద జీవి ద్వారా వ్యాధి వ్యాపిస్తుందని తేల్చిన తొలి పరిశోధనల్లో అది ముఖ్యమైనది. తరువాత 1906లో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో పశువులను మందునీటి తొట్టెల్లో ముంచి, పచ్చికబయళ్లను ఖాళీగా ఉంచి, 1943 నాటికి ఆ దేశంలో చాలా భాగం నుంచి ఆ పిడుదును తొలగించారు. పిడుదు తన జీవితమంతా ఒకే పశువు మీద గడపబట్టే ఆ పద్ధతి ఫలించింది.

మలెనాడు పిడుదు స్వభావం వేరు. ఈ వ్యాసానికి మూలం ఆ తేడాయే.

1957: కోతుల చావు

శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూర్ అడవిలోను, దాని పరిసరాల్లోను 1957 తొలి నెలల్లో కోతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అదే సమయంలో చుట్టుపక్కల గ్రామాల్లో తీవ్రమైన జ్వరాలు వచ్చాయి. ఒక్కసారిగా జ్వరం, తట్టుకోలేని తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొందరికి ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం. తగ్గినట్లే తగ్గి, కొందరిలో వారం రెండు వారాల తరువాత నాడీసంబంధ లక్షణాలతో జ్వరం తిరగబెట్టేది. సోకినవారిలో నూటికి ముగ్గురి నుంచి అయిదుగురి వరకు మరణిస్తారని తరువాతి దశాబ్దాల అంచనా.

భారత వైద్యపరిశోధన మండలి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి 1952లో పుణెలో నెలకొల్పిన వైరస్ పరిశోధన కేంద్రం వెంటనే రంగంలోకి దిగింది. అప్పటి సంచాలకుడు టెల్ఫోర్డ్ వర్క్. అడవిలో కోతులు చనిపోతుంటే ఆనాటి వైరస్ శాస్త్రజ్ఞుల మనసులో మొదట మెదిలేది దక్షిణ అమెరికా అడవుల పచ్చజ్వరం. ఆసియాలో అంతవరకు లేని పచ్చజ్వరం భారతదేశంలో అడుగుపెడితే జరిగే వినాశం ఊహకందనిది. ఆ భయమే పరిశోధనకు వేగమిచ్చింది. అయితే చనిపోయిన కోతి నుంచి వేరుచేసిన వైరస్ పచ్చజ్వరానిది కాదని తేలింది. దానికి దగ్గరి చుట్టం రష్యా అడవుల్లో పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు వ్యాధి వైరస్. దోమ కోసం వెతుకుతూ వచ్చినవారికి పిడుదు ఎదురైంది.

రష్యా బంధుత్వం మరో చిత్రమైన అధ్యాయానికి దారితీసింది. సైబీరియా నుంచి వలసపక్షులు పిడుదులను మోసుకొచ్చి ఉంటాయన్న ఊహ పుట్టింది. దాన్ని పరీక్షించడానికి ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయంతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం సలీం అలీ నాయకత్వంలో పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పథకం చేపట్టింది. పక్షిసిద్ధాంతానికి రుజువు దొరకలేదు గాని భారతీయ పక్షిశాస్త్రానికి మాత్రం గొప్ప మేలు జరిగింది. ఆ పరిశోధనకు తరువాత అందిన అమెరికా సైనిక నిధుల మీద 1970ల మధ్యలో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అనుమానాలు వ్యక్తం చేసింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఒక పురుగు చరిత్ర కూడా రాజకీయానికి అతీతంగా ఉండలేకపోయింది. ఏమైనా, ఆకాశం వైపు చూసిన ఆ కొన్నేళ్లలో నేల మీది ఆకు వెనకబడిందనే చెప్పాలి.

పేరులో నింద

స్థానికంగా ఈ వ్యాధిని కన్నడంలో ‘మంగన కాయిలె’ అంటారు, అనగా కోతిజబ్బు. తెలుగు పత్రికల్లో ‘కోతిజ్వరం’, ‘మంకీ ఫీవర్’ అనే పేర్లు స్థిరపడ్డాయి. పేరు నేరాన్ని కోతి మీద మోపుతుంది. వాస్తవానికి కొండముచ్చు, ఎర్రమూతి కోతి రెండూ ఈ వ్యాధికి బలయ్యే జీవులే, మనకంటె ముందుగా చనిపోయి హెచ్చరించేవి కూడా అవే. కోతి చనిపోగానే దాని శరీరం మీది పిడుదులు కిందికి దిగి ఆ చోటును ప్రమాదస్థలంగా మారుస్తాయి. అందుకే కోతి కళేబరం కనబడిన చోట మలాథియాన్ పొడి చల్లడం నివారణలో మొదటి మెట్టయింది. మనిషి నుంచి మనిషికి ఈ వ్యాధి సోకదు.

పిడుదు మూడు దిగుళ్లు

వ్యాధిని మోసే ప్రధాన పిడుదు హీమాఫిసాలిస్ స్పైనిజెరా. ఇది తన జీవితంలో మూడుసార్లు రక్తం తాగుతుంది, మూడుసార్లూ వేర్వేరు జీవుల మీద. వర్షాకాలం తరువాత గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎలుకలు, చుంచులు, పక్షులు, కోతుల మీద తాగి నేలకు దిగుతాయి. కుబుసం విడిచి మధ్యదశకు వచ్చినవి నవంబరు నుంచి మే దాకా ఎండుటాకుల్లో పొంచి ఉండి కోతులను, మనుషులను పట్టుకుంటాయి. ఆవగింజంత కూడా ఉండని ఈ దశే మనిషికి ప్రమాదకరం. పెద్ద పిడుదులు వర్షాకాలంలో పశువులను, అడవిలోని పెద్ద జంతువులను ఆశ్రయిస్తాయి. రక్తంతో నిండిన ఒక్క ఆడపిడుదు వేల గుడ్లు పెడుతుంది.

ఇందులో పశువు పాత్ర సూక్ష్మమైనది. పశువు ఈ వైరస్‌ను పెంచి పోషించదు, తాను జబ్బుపడదు. కాని పిడుదుల సంఖ్యను అది ఎన్నో రెట్లు పెంచుతుంది. టెక్సాస్‌లో లాగా పశువును మందునీటిలో ముంచినంత మాత్రాన ఇక్కడ పని పూర్తికాదు. ఎందుకంటే ఏ క్షణంలో చూసినా పిడుదుల్లో అధికభాగం పశువు మీద కాదు, ఆకుల్లో ఉంటుంది. మన మాటలో పిడుదు పశువుది, మలెనాడులో అది ఆకుది.

ఈ చిత్రాన్ని స్పష్టంగా గీసినవాడు కొలంబియా దేశస్థుడైన హోర్హె బొషెల్. పచ్చజ్వరం మీద పనిచేసిన కాలంలో, అడవిలో చెట్టు కూలగానే కొమ్మల్లోని నీలిదోమలు కట్టెలు కొట్టేవారిని చుట్టుముట్టడం గమనించి, చెట్టుకొనల వ్యాధి మనిషికి ఎలా దిగుతుందో గ్రహించిన శాస్త్రజ్ఞుడాయన. క్యాసనూర్ వ్యాధి మీద 1969లో వెలువరించిన పర్యావరణ పరిశీలనలోనూ ఆయన చూపు అదే దిశలో సాగింది. అడవిని నరికి పొలాలు చేయడం, అడవి అంచుల్లో పశువుల మేత, లాంటానా పొదల వ్యాప్తి కలిసి, ఎప్పటినుంచో అడవిలో అణగి ఉన్న వైరస్‌ను మనిషి వాకిటికి తెచ్చాయన్నది ఆయన వాదం. పక్షి మోసుకొచ్చిన వ్యాధి అనే కథకు ఇది సూటి ప్రత్యామ్నాయం.

1980ల తొలినాళ్లలో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి ప్రాంతంలోని నిడ్లె దగ్గర జీడిమామిడి తోట కోసం అడవి నరికిన తరువాత వ్యాధి విజృంభించింది. వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. మానవశాస్త్రజ్ఞుడు మార్క్ నిక్టర్ 1987లో ఈ ఘటనను అధ్యయనం చేస్తూ దీనిని అభివృద్ధి తెచ్చిన వ్యాధిగా పేర్కొన్నాడు. భూతారాధన బలంగా ఉన్న ఆ సీమలో ప్రజలు జబ్బును స్థానిక దైవాల ఆగ్రహంగా అర్థం చేసుకున్నారు. అడవిని కలవరపెట్టినందుకు కీడు కలిగిందన్న ఆ ఊహకు, బొషెల్ వాదానికి మధ్య దూరం పైకి కనిపించేంత ఎక్కువ కాదు.

సొప్పినబెట్ట

అయితే ‘అడవి నరికివేత’ అన్న ఒక్క సూత్రంతో సరిపెట్టుకుంటే ఇంటి ఆవరణ మళ్లీ కనుమరుగవుతుంది. మలెనాడు, ఉత్తర కన్నడ ప్రాంతాల్లో పోకతోటల సేద్యానికి ఆకు ప్రాణం. తోట యజమానులకు పచ్చాకు, ఎండుటాకు తెచ్చుకునే హక్కుతో కేటాయించిన అటవీభాగాన్ని ‘సొప్పినబెట్ట’ అంటారు. సొప్పు అంటే కన్నడంలో ఆకు. మన చొప్పతో పొరబడరాదు. ఈ హక్కులకు బ్రిటిష్ పాలనలోనే గుర్తింపు ఉంది. అడవి నుంచి తెచ్చిన ఆకును కొట్టంలో పశువుల కింద పరుస్తారు. పేడతో, మూత్రంతో కలిసి అది ఎరువవుతుంది. ఆ ఎరువు పోకచెట్ల మొదళ్లకు చేరుతుంది. పశువు పగలు అడవిలో మేసి రాత్రి ఆ ఆకు మీదే పడుకుంటుంది. అడవి, కొట్టం, తోట ఒకే వలయం.

పిడుదుకు కూడా అదే వలయం. ఎండుటాకు ఊడ్చి గంపకెత్తే కాలం, మధ్యదశ పిడుదులు ఆకుల్లో నిండి ఉండే కాలం ఒకటే. అంటే వేసవి ముందరి పొడి నెలలు. గంపతో పాటు పిడుదు పెరట్లోకి వస్తుంది. అడవిలో అడుగుపెట్టని ముసలివారికి, పిల్లలకు కూడా ఈ దారిలో ముప్పు ఉంటుంది. ఆకు ఊడ్చేది, కట్టెలు తెచ్చేది, కొట్టం ఎత్తేది ప్రధానంగా స్త్రీలు, కూలీలు. తోట ఒకరిదైతే గంప మరొకరిది. వ్యాధి చరిత్ర రాసేటప్పుడు ఈ వ్యత్యాసాన్ని దాటవేయడం న్యాయం కాదు.

నివారణ ఎవరి పని?

తొలినాళ్లలో రష్యా వ్యాధికి తయారుచేసిన టీకాను ఇక్కడ ప్రయోగించి చూశారు, రక్షణ కలగలేదు. కోడిపిండ కణాలలో పెంచి ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసిన దేశీయ టీకా 1990 నుంచి కర్ణాటకలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 2013లో ప్రచురితమైన పరిశీలన ప్రకారం రెండు మోతాదులకు దాని సామర్థ్యం సుమారు 62 శాతం, బూస్టర్ కూడా తీసుకుంటే సుమారు 83 శాతం. మోతాదులన్నీ పూర్తిచేసుకున్నవారు ఎప్పుడూ తక్కువే. సూది నొప్పి, పదేపదే వేయించుకోవలసి రావడం అందుకు కొంత కారణం. ఈలోగా వ్యాధి భూగోళం విస్తరించింది. 2012లో చామరాజనగర జిల్లా బందీపూర్ ప్రాంతం, 2013లో కేరళలోని వయనాడ్, 2015లో గోవా, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లా ఈ పటంలో చేరాయి. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని అరళగోడు 2019లో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. పాత టీకా శక్తి సన్నగిల్లిందని తేలడంతో 2022లో దాని వాడకం నిలిపివేశారు. కొత్త టీకా తయారీ ప్రయత్నాలు సాగుతుండగానే 2024 ఆరంభంలో కర్ణాటకలో మరణాలు సంభవించాయి.

టీకా లేని కాలంలో ప్రజారోగ్యం చేతిలో మిగిలినవి సూచనలు: అడవికి వెళ్లేముందు కాళ్లూచేతులకు పిడుదులను దరిచేరనివ్వని నూనె రాసుకోవాలి, నిండుగా బట్టలు కట్టుకోవాలి, తిరిగివచ్చాక వేడినీటితో స్నానం చేసి బట్టలు ఉతకాలి, పశువులకు మందు పూయాలి, ఎండుటాకు ఇంటికి తేరాదు. వీటిలో శాస్త్రవిరుద్ధమైనది ఒక్కటీ లేదు. కాని చివరిదాన్ని తక్కినవాటితో సమానంగా చదవలేము. నూనె రాసుకోవడం అలవాటుకు సంబంధించినది. ఆకు తేకపోవడం ఎరువుకు, పంటకు, కూలికి సంబంధించినది. కొట్టంలో పరచడానికి బదులేమిటో, ఆకు గంప మానితే ఆ రోజు కూలి ఎవరిస్తారో చెప్పకుండా ఆకు మానమని చెప్పడం వల్ల, జబ్బుపడినవాడు సూచన పాటించనివాడుగా మాత్రమే నమోదవుతాడు. 1957లో కోతి మీద, 1960లలో పక్షి మీద పడిన నింద ఈనాడు గంప మోసే మనిషి మీదకు జరిగిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తెలుగు సీమకు సంబంధించి ఒక విషయం పరిశోధకుల దృష్టికి తేవలసి ఉంది. పిడుదులు, గోమార్ల గురించిన మన పల్లె జ్ఞానం పశువైద్య కరపత్రాల్లో ‘నాటువైద్యం’ పేరిట చెదురుమదురుగా ఉంది గాని, ఏ నెలలో ఏ దశ పురుగును రైతులు ఏ మాటతో పిలుస్తారో ప్రాంతాలవారీగా సేకరించవలసిన పని చాలా మిగిలి ఉంది. నల్లమలలో, తూర్పుకనుమల్లో అడవి నుంచి కట్టె, ఆకు, మేత తెచ్చుకునే కుటుంబాల మాటల్లో పశువు మీది పిడుదుకు, ఆకులోని పిడుదుకు వేర్వేరు పేర్లున్నాయా అన్నది మాండలిక పరిశోధనకు ప్రశ్న. ప్రజారోగ్యానికి కూడా అది అంతే అవసరమైన ప్రశ్న. పశువును తుడవమని చెప్పే మాట ఒకటి, ఆకును చూసి అడుగువేయమని చెప్పే మాట మరొకటి.